ప్రభువుల సభలో పొరుగువాడు

పాఠ్యభాగము: లూకా 10:25–37

ఇంగ్లండులో సొలిసిటరు కాగోరు విద్యార్థి, అనగా కక్షిదారుల పక్షమున పత్రములు వ్రాసి వ్యాజ్యము నడిపించు న్యాయవాది కాగోరువాడు, తన చదువు ఆరంభములోనే ఒక నత్త కథ నేర్చుకొనును. ఆ కథలో మన సమరయుని ఉపమానమున్నది గనుక ఈ మాసము దానిని ధ్యానించుదము.

1928 ఆగస్టు 26న స్కాట్లండులోని పెయిస్లీ పట్టణములో మే డొనొహ్యూ అను పేద స్త్రీ ఒక ఫలహారశాలకు వెళ్లెను. వెంట వచ్చిన స్నేహితులొకరు ఆమెకు జింజరు బీరు కొనిపెట్టిరి. (పేరులో బీరు ఉన్నను అది అల్లపు సోడా వంటిది, సంఘపెద్దలు కంగారుపడనక్కరలేదు.) లోపల ఏమున్నదో కనబడని నల్లని గాజు సీసా అది. ఆమె కొంత త్రాగిన తరువాత మిగిలినది పోయగా కుళ్లిన నత్త బయటపడెననియు, అందువలన తాను జబ్బుపడితిననియు ఆమె ఫిర్యాదు చేసెను.

ఎవరిమీద ఫిర్యాదు? కొన్నది ఆమె కాదు. అమ్మినవాడు మూతవేసిన సీసాలోనికి చూడలేడు. తయారుచేసిన స్టీవెన్సనుతో ఆమెకు ఏ ఒప్పందమును లేదు. ఒప్పందము లేనిచోట తయారుదారుని నిలదీయుట ఆనాటి శాసనములో మిక్కిలి కష్టము. తనకు ఐదు పౌనుల ఆస్తియైనను లేదని ప్రమాణము చేసి ఆమె ప్రభువుల సభకు మొరపెట్టుకొనెను. ఆ కాలమున ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమదియే.

1932 మే 26న ఐదుగురు న్యాయాధిపతులలో ముగ్గురు ఆమె పక్షము వహించిరి. వారిలో లార్డ్ ఆట్కిన్, ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగిన ప్రశ్ననే తన తీర్పులో అడిగెను. నా పనివలన ఎవరికి నేరుగా హాని కలుగునని నేను ముందుగా తలంచవలెనో, శాసనము దృష్టిలో వారే నా పొరుగువారని జవాబిచ్చెను. సీసా నింపువాడు, తానెన్నడును చూడని త్రాగువానిని మనస్సులో ఉంచుకొనవలెను. నత్త నిజముగా ఉండెనో లేదో న్యాయస్థానము విచారింపనే లేదు. వ్యాజ్యము రాజీతో ముగిసెను. సూత్రము మాత్రము నిలిచి, ఇంగ్లీషు శాసనములో నిర్లక్ష్యమును గూర్చిన భాగమంతటికి పునాది ఆయెను.

పాలలో మురికినీళ్లు కలుపువాడును, పురుగుమందు డబ్బా కడిగి చెరువులో పారబోయువాడును ఈ తీర్పును చదువవలసినవారే.

అయితే దీనికి ఒక గట్టు ఉన్నది. సొలిసిటరు విద్యార్థి దానినికూడ నేర్చుకొనును. పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ శాసనములోనికి వచ్చునప్పటికి పొరుగువానికి హాని చేయకుమను ఆజ్ఞగా కుదించుకొనిపోవునని ఆట్కినే ఒప్పుకొనెను. 1970లో మరియొక వ్యాజ్యములో లార్డ్ డిప్లాక్ ఈ ఉపమానమునే పరిశీలించి, ప్రక్కగా పోయిన యాజకునిమీదను లేవీయునిమీదను ఇంగ్లీషు శాసనము ఏ బాధ్యతయు మోపదనెను. బిడ్డపట్ల తండ్రివంటి వారి సంగతి వేరు. దారిన పోవువాడు మాత్రము చూచి పోవచ్చును. వారిద్దరు ఆ మనుష్యుని కొట్టలేదు, దోచలేదు గదా!

నేను శాసనమును తప్పుపట్టుట లేదు. ప్రతివానిని కోర్టు బలవంతముతో సమరయునిగా చేయజూచినయెడల ఇరుగుపొరుగువారి నడుమ వ్యాజ్యములకు అంతుండదు. గాని మన ప్రభువు ఆ గట్టుదగ్గర ఆగలేదు. పొరుగువాడెవడో చెప్పుమని అడిగినవానికి ఆయన ప్రశ్ననే త్రిప్పివేసెను: పడియున్నవానికి ఎవడు పొరుగువాడాయెను? సమరయుడు తన నూనెను, ద్రాక్షారసమును ఖర్చుచేసెను. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మిగిలినది తిరిగివచ్చి తీర్చుదుననెను. ఏ న్యాయస్థానమును అతనిని అంత అడుగదు.

మన రహదారులమీద పడియున్నవారిని చూచి పోలీసు, కోర్టు భయముచేత తొలగిపోవువారు మన సంఘములలోను ఉన్నారు. 2019లో మన దేశపు మోటారు వాహనముల చట్టమునకు 134ఎ అను విభాగము చేర్చబడినది. ప్రతిఫలము కోరక సద్బుద్ధితో గాయపడినవానికి సహాయము చేసినవానిమీద కేసు ఉండదు. పేరు చెప్పుమని అతనిని బలవంతపెట్టరాదు. ఈ సంగతి యౌవనుల కూటములలో తప్పక తెలియజేయుడి.