రేసు, సెక్షను, కన్నెమరా

శోళవరం

మేనల్లుడికి,

పట్టరైపెరుంబుదూర్ లా కాలేజీలో సీటొచ్చిందని, ఆ వారమే కొత్త బైకు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సీటు మాటకి ఎంత సంతోషపడ్డానో, బైకు మాటకి అంత భయపడ్డాను. అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నప్పుడు ఫిబ్రవరి వస్తే ఇక్కడ శోళవరంలో చెరువు గట్టు దాకా ఇంజన్ల మోత వినబడేది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు నడిపేవాళ్లు. మలుపు దగ్గర పసుపు జెండా ఊపితే చాలు, ఎంత దూకుడు మీదున్నవాడైనా ముందు బండిని దాటకుండా వెనకే వెళ్లేవాడు. వేగం కంటే నాకు అదే వింతగా ఉండేది.

ఒక ఏడు రేసు చూసి వస్తూ నా క్లాసువాడొకడు జీఎన్‌టీ రోడ్డు మీద ఇంకో బండితో పంతానికి పోయాడు. ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో వాళ్లమ్మ వాడి చెప్పు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన నేనున్నాను. ఒక్కమాటా రాలేదు.

నువ్వు మోటారు వాహనాల చట్టం, 1988 తెరిచి 189వ సెక్షన్ చూడు. గైడు కాదు, చట్టమే చూడు. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో బండ్ల పందేనికి దిగినవాడే కాదు, దాన్ని జరగనిచ్చినవాడూ శిక్షార్హుడే. ఆ ‘జరగనిచ్చిన’ దగ్గర కాసేపు ఆగు. ఆ సాయంత్రం రోడ్డు పక్కన నిలబడి ‘పోనీరా, పోనీ’ అని కేకలేసిన మేం అందులోకి వస్తామో రామో కోర్టులో వాదించుకోవచ్చు. నా మనసులో మాత్రం వస్తాం.

చదివిన సెక్షను రాత్రి మీ అమ్మకి తెలుగులో చెప్పు. మనకి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, హైకోర్టులో ఇంగ్లీషు. ఆవిడ ‘అంటే ఏంట్రా?’ అని అడిగితే నువ్వు మళ్లీ చదవాలి.

పుస్తకాలు కొనలేనని దిగులు పడకు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి పట్టుదల వల్ల 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్నూ కడుతున్నాం, కాబట్టి హక్కుగా వెళ్లి కూర్చో. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయానికైతే దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతి పంపాలని 1954 చట్టం ఉంది. తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. వారానికొకటి చదువు.

వేగం మీద మోజు తప్పని నేననను. అంత ఇష్టమైతే ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ ఉంది. పద్ధతిగా నేర్చుకో, ఫీజు నేను కడతాను. జీఎన్‌టీ రోడ్డు మీద మాత్రం వద్దు.

ఆదివారం మా ఇంటికి రా. ఈసారికి బస్సులో రా, మీ అమ్మకి ధైర్యంగా ఉంటుంది.

మామయ్య