శిశువు మాట, ఉపాధ్యాయిని శిక్షణ

ఇంట "పానీ" అని అడుగు మూడేండ్ల బిడ్డ, అంగన్‌వాడీలో "నీళ్ళు" అను మాట తెలియక దప్పికతో మౌనముగా కూర్చుండును. ఆ మౌనము మందబుద్ధి కాదని ఉపాధ్యాయినికి శిక్షణయే తెలుపవలెను.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనది. ఆమెపై పోషకాహారము, టీకాలు, రిజిస్టర్ల భారమే హెచ్చు; బోధన వెనుకబడినది. 2023 మే 10న ప్రారంభమైన "పోషణ్ భీ పఢాయీ భీ" కార్యక్రమము, ఆటల ద్వారా బోధించుటలో ఆమెకు మూడు దినముల శిక్షణ నేర్పరచినది. మంచిదే. కాని బిడ్డ ఇంటి భాషను ఆలకించుట మూడు దినములలో అలవడునా? తెలుగు బోధించు నేనే ఈ మాట అనుచున్నాను.

ఇంటర్మీడియట్ ముగించినవారికై ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము శిశు సంరక్షణ, విద్యలలో దూరవిద్యా డిప్లొమా నెలకొల్పినది. ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మన విద్యార్థినులు దానిని పరిశీలింపవలెను. ఆ బిడ్డ మాటను వారికి వేరొకరు తర్జుమా చేయనక్కరలేదు.