ఒకే వచనము, రెండు సగములు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 17:10–34

ఈ నెల పాఠము కళాశాలలో చదువుకొను మన బిడ్డలను తలంచుకొని వ్రాయుచున్నాము. వేరు వేరు జాతులకును, కులములకును, స్థితిగతులకును చెందిన యౌవనులు ఒక్క ఆవరణములో సమానులుగా బ్రదుకుట ఎట్లన్నది ప్రశ్న. బైబిలు తెరచి ప్రక్కన ఉంచుకొనుడి.

పౌలు ఎక్కడ నిలిచి మాటలాడెనో మొదట గమనించుడి. ఏథెన్సు విద్యకు పేరుగాంచిన పట్టణము. అరేయొపగులో ఆయన ఎదుట నున్నవారిలో ఎపికూరీయులును స్తోయికులును ఉండిరి. అనగా ఆ కాలపు పండితులు. ఆయనను వదరుబోతని ఎగతాళి చేసినవారును వారే. ఏథెన్సువారికి ఒక పాత అతిశయము కలదు. తాము ఎక్కడనుండియో వచ్చి చేరినవారము కామనియు, తమ పితరులు ఆ నేలలోనుండియే పుట్టిరనియు వారు చెప్పుకొనెడివారు. అట్టివారి ఎదుట తార్సువాడైన ఒక యూదుడు నిలువబడి, సమస్త జనులును ఒక్కని సంతానమే అని పలికెను. అది వినసొంపైన మాట కాదు. వారి వంశగౌరవపు వేరునే పెకలించు మాట.

ఇది 26వ వచనములోని మొదటి సగము. రెండవ సగములో పౌలు, దేవుడు జనములకు కాలములను, నివాసస్థలముల పొలిమేరలను నిర్ణయించెనని చెప్పుచున్నాడు. ఈ రెండు సగములకును తరువాత కాలములో వేరు వేరు గతులు పట్టినవి. అమెరికాలో ఒక కళాశాల మొదటి సగమును తన ధ్యేయవాక్యముగా చేసికొనెను. అదే దేశములో అనేకులు రెండవ సగమును పట్టుకొని, జాతులు వేరుగా నుండుట దేవుడే పెట్టిన కట్టడయని వాదించిరి.

ఆ కళాశాల పేరు బెరియా. కెంటకీ రాష్ట్రములో నున్నది. స్థాపకుడు జాన్ ఫీగారు ఈ 17వ అధ్యాయములోని బెరయ పట్టణమునుబట్టియే ఆ ఊరికి ఆ పేరు పెట్టెను. ఆయన తండ్రి బానిసలను ఉంచుకొనినవాడు. కుమారుడు బానిసత్వము పాపమని బోధించుట మొదలుపెట్టగా, తండ్రి అతనికి ఆస్తిలో భాగము లేకుండ చేసెను. 1855లో ఫీగారు ఒక్క గది బడితో పని ఆరంభించెను. 1859 డిసెంబరులో ఆయుధములు ధరించిన మనుష్యులు వచ్చి, పది దినములలో ఊరు విడిచి పొమ్మని ఆయన తోటి పనివారిని ఆజ్ఞాపించిరి. వారు పోవలసి వచ్చెను. అంతర్యుద్ధము ముగిసిన తరువాత తిరిగివచ్చి, 1866లో తెల్లవారికిని నల్లవారికిని కలిపి బడి తెరచిరి. నల్లవారు లోపలికి వచ్చుట చూచి తెల్ల విద్యార్థులలో కొందరు లేచి వెళ్లిపోయిరి. అయినను 1866–67 సంవత్సరపు లెక్క చూడుడి: మొత్తము 187 మంది, వారిలో నల్లవారు 96, తెల్లవారు 91. బానిసత్వము రద్దయి అప్పటికి రెండేండ్లయినను కాలేదు!

ఫీగారి ఆంగ్ల బైబిలులో ‘ఒకే రక్తము’ అని యుండెను. కళాశాల వాక్యములో ఆ మాటయే నిలిచినది. మన తెలుగు బైబిలులో ‘ఒకని నుండి’ అని యున్నది. కొన్ని ప్రాచీన ప్రతులలో రక్తమను మాట లేకపోవుటయే ఈ భేదమునకు కారణము. భావమునకు కొరత లేదు.

ఇంతవరకు సంతోషకరమైన కథ. ఇక కష్టమైన భాగమునకు వత్తము.

1904లో కెంటకీ శాసనసభ ఒక చట్టము చేసెను. దానిని ప్రతిపాదించిన సభ్యుని పేరునుబట్టి దానిని డే చట్టమందురు. తెల్లవారికిని నల్లవారికిని ఒకే సంస్థలో చదువు చెప్పుట నేరమనియు, ఒకే సంస్థ రెండు శాఖలుగా విడిపోయి చెప్పదలచినను ఆ శాఖల మధ్య ఇరువదియైదు మైళ్ల దూరముండవలెననియు ఆ చట్టము విధించెను. అప్పుడు రాష్ట్రములో రెండు జాతులకు కలిపి చదువు చెప్పుచున్న కళాశాల బెరియా ఒక్కటియే గనుక, గురి ఎవరిమీదనో చెప్పనక్కరలేదు. కళాశాలకు వెయ్యి డాలర్ల జరిమానా పడెను. వ్యాజ్యము దేశపు సుప్రీంకోర్టువరకు పోయెను. 1908లో తీర్పు కళాశాలకు వ్యతిరేకముగా వచ్చెను. సమ్మతింపని న్యాయమూర్తులలో హార్లన్‌గారు ఒకరు, ఆయనయు కెంటకీవాడే. ఈ వాదము నిలిచినయెడల, ఒకే దేవాలయములోను, ఒకే ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దను ఇరుజాతులవారు కలిసి కూర్చుండుటను కూడ రాష్ట్రము నిషేధింపవచ్చును గదా అని ఆయన తన అసమ్మతిలో హెచ్చరించెను. కళాశాలలోని బెంచీకిని సంఘములోని బల్లకును సంబంధమున్నదని ఒక న్యాయమూర్తి గుర్తించుట గమనింపదగినది.

కళాశాల నల్లవారైన తన విద్యార్థులు వేరుచోట చదువుటకు సహాయము చేసెను. వారికొరకు లింకన్ ఇన్‌స్టిట్యూటను సంస్థకు ద్రవ్యము కూర్చగా అది 1912లో ఆరంభమాయెను. ఇది మేలైన పనియే. అయినను నిజము దాచకుండ చెప్పవలెను. చట్టము రాకమునుపే, 1892లో అధ్యక్షుడైన ఫ్రాస్ట్‌గారి కాలములో, కళాశాల చూపు కొండప్రాంతపు పేద తెల్లవారివైపు తిరిగి, విద్యార్థులలో నల్లవారి పాలు తగ్గుచు వచ్చెను. ఆ కొండ పేదలకును చదువు అవసరమే. వారిని చేర్చుకొనుట తప్పు కాదు. కాని ఒకరికి చోటు చేయుచు మరియొకరిని మెల్లగా ప్రక్కకు జరుపుట జరిగినది. గోడమీది వాక్యము అట్లే యుండెను. బయటి చట్టము ఒక్క దినమున చేసిన దానిని, లోపలి అలక్ష్యము పండ్రెండేండ్లుగా కొంచెము కొంచెముగా చేయుచుండెనని నా అభిప్రాయము.

కార్టర్ వుడ్సన్‌గారిని తలంచుకొనుడి. పూర్వము బానిసలైన తలిదండ్రుల కుమారుడు, బొగ్గుగనులలో పనిచేసినవాడు. 1903లో బెరియానుండి పట్టము పొందెను. 1912లో హార్వర్డులో డాక్టరు పట్టము పొంది, 1926లో నల్లజాతి చరిత్ర వారమును ఆరంభించెను. ఆయన మరికొంత ఆలస్యముగా చదువు ముగింపవలసి యుండినయెడల ఆ తలుపు మూయబడి యుండెడిది.

ఆ కళాశాలలో ఇంకొక ఏర్పాటు కలదు. ధ్యేయవాక్యముకంటె అదియే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. 1892నుండి అక్కడ విద్యార్థులయొద్ద చదువుకొరకు రుసుము తీసికొనరు. ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము పది గంటలు పనిచేయవలెను: పొలములో, వంటశాలలో, నేతలో, కఱ్ఱపనిలో, చీపుళ్లు కట్టుటలో. ‘ప్రతి విద్యార్థియు’ అను మాటలోనే కీలకమున్నది. అనేక కళాశాలలలో ఫీజు కట్టలేనివాడు మాత్రమే పనిచేయును. చీపురు పట్టుకొనిన చేతినిచూచి వాని పేదరికమును అందరు గుర్తింతురు. అందరును చీపురు పట్టినచోట అది ఎవరి గుర్తును కాదు. ఉచితముగా చేర్చుకొనుట దయ. చేర్చుకొనబడినవాడు తల వంచుకొనకుండ తిరుగునట్లు చూచుట న్యాయము.

ఇప్పుడు 26వ వచనపు రెండవ సగమునకు మరల రండి. పొలిమేరలను దేవుడు నిర్ణయించెనను మాట అక్కడ నిజముగా ఉన్నది. దానిని చెరపివేయ వీలులేదు. కాని వాక్యము అక్కడ ముగిసినదా? 27వ వచనము చదువుడి. జనులు తన్ను వెదకవలెననియే దేవుడు ఆలాగు చేసెనని పౌలు చెప్పుచున్నాడు. ఆయన ఎవనికిని దూరముగా లేడనియు వెంటనే చెప్పుచున్నాడు. వేరుపరచుటకు ఆ మాట నాడిన వారందరు 26వ వచనము చివర పుస్తకము మూసికొనిరి.

డే చట్టము 1950లో సవరింపబడెను. బెరియా మరల నల్లవారిని చేర్చుకొనెను. కాని మొదట వచ్చినవారు కొద్దిమందియే. నలుబదియారేండ్లు మూసిన తలుపు తెరచినంతమాత్రమున జనము గుంపులుగా రారు గదా. మన రాజ్యాంగము అమలులోనికి వచ్చి, అస్పృశ్యతను రద్దుచేసినదియు 1950లోనే. మరుసటి యేడు, ఆంధ్ర జిల్లాలు ఇంకను మద్రాసు రాష్ట్రములో నున్నప్పుడు, అక్కడి వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్ల వ్యాజ్యముమీద వచ్చిన తీర్పు మూలముగా రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు మార్గమేర్పడెను. సీటు చట్టము ఇచ్చును. మెస్సులో ఆ బిడ్డ ప్రక్కన ఎవరు కూర్చుందురు, మార్కుల పట్టీ గోడకెక్కిన దినమున వానిని ఏమని పిలుతురు అన్నది చట్టము వెళ్లలేని స్థలము. సెలవులకు మీ యింటికి వచ్చిన కుమారుని, కుమార్తెను మెల్లగా అడిగి చూడుడి: నీవు ఎవరితో కలిసి భోజనము చేయుచున్నావు? ఒంటరిగా తినువారెవరు?

పాఠము ముగించుటకు 34వ వచనము చదువుడి. ఏథెన్సులో నమ్మినవారిలో లూకా రెండు పేర్లు వ్రాసెను. ఒకరు అరేయొపగు సభ్యుడైన దియొనూసియు. రెండవది దమరి అను స్త్రీ. ఆమెకు బిరుదు లేదు, వంశము చెప్పబడలేదు. ఇద్దరి పేర్లును ఒకే వచనములో, ఒకదాని ప్రక్కన ఒకటి యున్నవి.