పెంపుడు కుక్కను సాగనంపుట

మనుష్యునితో గూడి జీవించు జంతువులలో కుక్క మొదటిది. మేకయు, గోవును, గుఱ్ఱమును దాని తరువాత మన పెరటికి వచ్చినవి. ఇట్టి చిరకాల స్నేహితునకు ప్రకృతి యిచ్చిన యాయువు మాత్రము కొలది. సామాన్యముగా 10 మొదలు 13 ఏండ్లు. ఆఱేండ్ల బాలుడు ఒడిలో నుంచుకొని తెచ్చిన పిల్ల, యతడు ఉన్నత పాఠశాల విడుచునాటికి ముసలిదై గుమ్మముకడ పడియుండును. కావున కుక్కను బెంచు ప్రతివాడును దానిని సాగనంపుటకు గూడ నేర్వవలెను. ఇది చిన్నపిల్లల దుఃఖమని నవ్వి త్రోసివేయువారు కలరు. వారు పొరబడుచున్నారనుటకు చరిత్రయే సాక్ష్యము.

1914వ సంవత్సరమున జర్మనీ దేశములో బాన్ నగరముచెంత ఓబర్‌కాసెల్ అనుచోట రాతిగనిలోని కూలీలు ఒక సమాధిని బయల్పఱచిరి. అందు ఒక పురుషుని యెముకలును, ఒక స్త్రీ యెముకలును, వానితోపాటు ఒక కుక్క యెముకలును ఉండెను. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 ఏండ్లు. ఆనాటివారికి సేద్యము లేదు, వేటయే జీవనము. 2018లో పండితులు ఆ కుక్క పండ్లను శోధించి యొక విశేషమును ప్రకటించిరి. పంటిపై గట్టిపూత యేర్పడుకాలమున పిల్లకు గొప్ప జబ్బు చేసినచో, ఆ పూతలో మాయని గుర్తులు నిలిచిపోవును. ఈ పిల్లకు ఇంచుమించు అయిదవ నెలలో డిస్టెంపరు అను అంటురోగము సోకినదనియు, అది మాటిమాటికి తిరుగబెట్టినదనియు, ఏడవ నెల ప్రాంతమున పిల్ల మరణించినదనియు వారు నిర్ణయించిరి. ఆ రోగము వచ్చిన పిల్ల తిండి ముట్టదు. వాంతి విరేచనములతో తడిసి పడియుండును. ఎవరో దానిని తుడిచి, వెచ్చగా నుంచి, నోట నీరుపోసి యుండనియెడల అది యన్నాళ్లు బ్రదికియుండదని వారి యభిప్రాయము. ఆ పిల్ల వేటకు పనికివచ్చినది కాదు. ఐనను వారు దానిని కాచిరి. పిమ్మట తమవారితోనే పూడ్చిరి. సాగనంపుట యనగా నిదియే. అది చచ్చిన దినమున గాక, జబ్బుపడిన దినముననే మొదలైనది.

క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు, ఐగుప్తు దేశమున పిల్లి చచ్చిన యింటివారు కనుబొమలు మాత్రమును, కుక్క చచ్చిన యింటివారు తలయు నొడలెల్లయు క్షౌరము చేసికొందురని వ్రాసెను. 1809లో వాల్టర్ స్కాట్టు కవి తన క్యాంపు అను కుక్కను ఎడింబరోలోని తన యింటితోటలో పూడ్చి, ప్రియమిత్రుడొకడు మరణించెనని కబురంపి, ఆనాటి విందునకు పోక మానెను.

మనకు మహాభారతముకంటె వేఱు ప్రమాణమేల? పదునేడవదైన మహాప్రస్థానిక పర్వమున, ద్రౌపదియు తమ్ములును ఒక్కరొక్కరే పడిపోగా, ధర్మరాజువెంట కడవఱకు నడచినది కుక్క యొక్కటియే. ఇంద్రుడు రథము తెచ్చి కుక్కను విడిచి రమ్మనెను, ఆయన యొప్పుకొనలేదు. తిక్కన తెనిగించిన యీ కథ నెఱిగిన మనమే, ముసలికుక్కను గోనెలో కట్టి బండిలో వేసి ఏటికావల విడిచివచ్చుటను తప్పుగా నెంచము! దానికి పండ్లు లేవు, చూపు లేదు. క్రొత్తయూరి కుక్కలు దానిని దరిజేరనీయవు. ఇట్లు ఆకలిదప్పులకు విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ శాసనముచే నేరము.

కడపటి దినములలో చేయవలసినది కొంచెమే. గాలి తగులు నీడను మెత్తని పట్ట పఱచి పడుకొనబెట్టవలెను. లేవలేనిదైనచో కొన్ని గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. నీరు ముట్టె కందునట్లుంచవలెను. బాధ మాన్పరానిదని పశువైద్యుడు చెప్పినచో, మత్తుమందును అధికముగ నరములోని కెక్కించి ప్రాణము విడిపించు పద్ధతి కలదు. మొదట తెలివి తప్పును, పిమ్మట ఊపిరియు గుండెయు నిలుచును. దీనికి సమ్మతించుట పెద్దలకు దుర్భరము. ఆ సమయమున ఎఱిగిన చేయి దాని తలపై నుండుట మంచిది.

ఒక్క వ్యాధియందు మాత్రము ప్రేమ దూరముగ నుండవలెను. అది పిచ్చి. 1808లో బైరను కవి తన బోట్‌స్వెయిను అను కుక్కకు పిచ్చి యెత్తినదని యెఱుగక, దాని చొంగను వట్టిచేతులతో తుడిచెనని యాయన చరిత్రకారుడు వ్రాసెను. కీడు కలుగకపోవుట యదృష్టము. పాశ్చరు టీకా 1885లో గదా వచ్చినది! స్వభావము మాఱి, చొంగ కార్చుచు, మ్రింగలేని కుక్కను ముట్టక పశువైద్యునికి తెలుపవలెను. కఱచినను గీరినను వెంటనే సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను.

చచ్చిన పిదప పిల్లలతో 'ఎక్కడికో పారిపోయినది' అని బొంకరాదు. వారు మాసములకొలది వీధితలుపు చూచుచుందురు. 'నిద్రపోయినది' అనియు చెప్పరాదు. చిన్నవారు నిద్రకే భయపడుదురు. చనిపోయినదనియే చెప్పి, మట్టివేయుటకు వారిని పిలువవలెను. గోతిని నూతికి దూరముగ, నక్కలు త్రవ్వజాలనంత లోతున తీయవలెను. ఇంట మఱియొక కుక్క యున్నచో అదియు కొన్నాళ్లు వెదకును, తిండి తగ్గించును. దానికి పెట్టు వేళయు త్రిప్పు వేళయు మార్చకుండుట మేలు.