జీవామృతం డ్రమ్ములో ఏ నీళ్లు పోస్తున్నారు?

200 లీటర్ల డ్రమ్ముకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం అని కొలిచి మరీ వేస్తాం. నీళ్ల సంగతి మాత్రం అడగం. రాజమండ్రి మురుగు నల్లా ఛానల్ గుండా గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువనే ధవళేశ్వరం బ్యారేజీ, అక్కడి నుంచే మన డెల్టా కాలువలు.

మురుగు శుద్ధి కేంద్రంలో గాలి ఊది, బ్యాక్టీరియా చేత మురికిని తినిపిస్తారు. మనం డ్రమ్ములో కర్రతో తిప్పేది కూడా ఆ గాలి కోసమే కదా! శుద్ధి చేయకుండా వదిలేస్తే అదే పని నదిలో జరుగుతుంది, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. సబ్బు నీళ్లు, రోగక్రిములు అదనం.

కాలువ నీరు నురగ కట్టినా, వాసనొచ్చినా డ్రమ్ముకి వద్దండి. బావి నీళ్లు పోయండి. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో ముందు చూసుకోండి. ఆకుకూరల మీద పిచికారీకైతే మరీ జాగ్రత్త.