బారెన్ ద్వీపం దగ్గర దొరికిన పడవ

బారెన్ ద్వీపం అనగానే మనకు గుర్తొచ్చే జవాబు ఒక్కటే: భారతదేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. 2024 నవంబరులో ఆ ద్వీపం మరో కారణంతో వార్తల్లోకెక్కింది. 23వ తేదీన గస్తీ తిరుగుతున్న కోస్ట్ గార్డ్ డోర్నియర్ విమానానికి అక్కడ ఒక చేపల పడవ తీరు అనుమానంగా కనిపించింది. వేగం తగ్గించమని ఆ పడవను హెచ్చరించారు. గస్తీ నౌకలు వెళ్ళి దాన్ని పట్టుకుని శ్రీ విజయపురం రేవుకు తెచ్చాయి. అందులో ఆరుగురు మయన్మార్ దేశస్థులు, ఐదున్నర టన్నులకు పైగా మెథాంఫెటమిన్ అనే మత్తుమందు ఉన్నాయి. 2019 సెప్టెంబరులోనూ కార్ నికోబార్ సమీపంలో ఇలాగే ఒక పడవలో 1,160 కిలోల కెటమిన్ దొరికింది.

ఇక్కడే ఎందుకు? పటం చూడండి. మన దీవుల ఉత్తర కొస నుంచి మయన్మార్‌కు చెందిన కోకో దీవులు 60 కిలోమీటర్లలోపే. చెన్నై వెయ్యి కిలోమీటర్లకు పైనే! మయన్మార్, లావోస్, థాయిలాండ్ సరిహద్దులు కలిసే 'స్వర్ణ త్రిభుజం'లో, ముఖ్యంగా మయన్మార్‌లోని షాన్ రాష్ట్రంలో, ఈ మందు పెద్ద ఎత్తున తయారవుతోంది. పేరులో స్వర్ణం ఉంది కానీ, అక్కడి పేద రైతుకు దక్కేది తక్కువే.

పట్టుకోవడంతో పని సగమే అయింది. ఆ ఆరుగురూ సరుకు మోసేవాళ్ళు. పంపినవాడు ఒక దేశంలో, అందుకోవలసినవాడు మరో దేశంలో ఉంటారు. పడవలో ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరం కూడా దొరికింది. దాన్ని ఎవరు కొన్నారో తెలియాలంటే విదేశంలోని కంపెనీనే అడగాలి. మన పోలీసులు పొరుగు దేశంలోకి వెళ్ళి ఎవరినీ అరెస్టు చేయలేరు కదా! అందుకే 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం సభ్యదేశాలు సమాచారం పంచుకోవాలంటుంది. అంతర్జాతీయ జలాల్లో మరో దేశపు జెండా ఉన్న ఓడను సోదా చేయడానికి ఆ దేశపు అనుమతి అడిగే పద్ధతినీ అదే చెబుతుంది. మత్తుమందుల నియంత్రణపై భారత్, మయన్మార్‌ల మధ్య 1993లోనే ఒప్పందం కుదిరింది.

సరుకు దాటిపోతే ఏమవుతుంది? మోతాదు మించిన మెథాంఫెటమిన్ ఒంటి వేడిని ప్రమాదకరంగా పెంచుతుంది, గుండె లయ తప్పిస్తుంది. హెరాయిన్ వంటి వాటికి నలాక్సోన్ అనే విరుగుడు ఉంది. దీనికి అలాంటిది లేదు. వెంటనే ఆసుపత్రికి చేర్చడమొక్కటే దారి.

ఈ ముఠాలు సరుకును తేయాకు ప్యాకెట్లలో కట్టడం మామూలే. కాబట్టి ఒడ్డున బంగారు రంగు టీ ప్యాకెట్టు కనిపిస్తే ముట్టుకోకండి, విప్పకండి; పెద్దవాళ్ళకు చెప్పి 112కు ఫోన్ చేయించండి. ఇంట్లోనో స్నేహితుల్లోనో ఎవరైనా ఈ అలవాటులో చిక్కుకుంటే 14446కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.