ప్రసూతి వైద్యాచార్యులు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు

ప్రసవ సమయమున తల్లి మరణించుట పూర్వము విధివ్రాతగా ఎంచబడుచుండెను. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమింపబడిన ఆరోగ్య పరిశీలన సంఘము 1946లో తన నివేదికను సమర్పించెను. నాటి భారతదేశమున సజీవముగా జన్మించు ప్రతి వేయి శిశువులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరని ఆ సంఘము అంచనా వేసెను. ఈ మరణములలో అధికభాగము నివారింపదగినవి. ఆ సంఘ సభ్యులలో ఒకరైన డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారు గారు ఈ సత్యమును ఆచరణలోనికి తెచ్చుటకు పాటుపడిన ప్రసూతి వైద్యులు.

బాల్యము, విద్య

వీరు 1887 అక్టోబరు 14వ తేదీన కర్నూలు పట్టణమున జన్మించిరి. సర్ రామస్వామి మొదలియారు గారు వీరి కవల సోదరులు. తమిళ కుటుంబమునకు చెందినవారైనను సోదరు లిరువురును కర్నూలులోనే బాల్యవిద్య నభ్యసించి, 1903లో చెన్నపట్టణము చేరిరి. అచ్చట క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట రామస్వామి గారు న్యాయవాద వృత్తిని, రాజకీయములను చేపట్టగా, లక్ష్మణస్వామి గారు మద్రాసు వైద్య కళాశాలలో చేరి ప్రసూతి వైద్యమును తమ జీవితకార్యముగా గైకొనిరి.

ఎగ్మూరు ఆసుపత్రి

చెన్నపట్టణమున 1844లో నెలకొల్పబడిన ప్రసూతి ఆసుపత్రి తరువాతి కాలమున ఎగ్మూరునందు స్త్రీల, శిశువుల ప్రభుత్వ ఆసుపత్రిగా ప్రసిద్ధి గాంచెను. ఆంగ్లేయుల పాలనలో ఇట్టి సంస్థల యున్నత పదవులు చిరకాలము ఐరోపా వైద్యులకే దక్కుచుండెను. ఈ ఆసుపత్రికి సూపరింటెండెంటు పదవి నలంకరించిన మొదటి భారతీయులు లక్ష్మణస్వామి గారే. మద్రాసు వైద్య కళాశాలకును వీరే ప్రథమ భారతీయ ప్రిన్సిపాలు.

తల్లులకు వాటిల్లు గండములు

నాటి తల్లుల మరణములకు ముఖ్యకారణములు నాలుగు. మొదటిది రక్తస్రావము. రక్తహీనత గల స్త్రీ కొద్దిపాటి రక్తనష్టమునకును తాళజాలదు. రెండవది సూతికా జ్వరము. అపరిశుభ్రమైన చేతులు, పనిముట్లు సూక్ష్మజీవులను గర్భకోశమునకు చేర్చుటచే ఇది కలుగును. మూడవది ప్రజలు గుఱ్ఱపువాత మని పిలుచు మూర్ఛవ్యాధి. నాలుగవది కటివలయము ఇరుకగుటచేతనో, శిశువు అడ్డము తిరుగుటచేతనో సంభవించు కష్టప్రసవము.

వీనిలో రక్తహీనతను, రక్తపు పోటును, శిశువు స్థితిని నొప్పులు రాకమునుపే కనుగొనవచ్చును. కావున గర్భిణిని నెలల తరబడి క్రమముగ పరీక్షించుట ప్రసూతి వైద్యమునకు పునాది. ఈ శాస్త్రమును భారతీయ విద్యార్థుల కందించుటకై లక్ష్మణస్వామి గారు డాక్టర్ కృష్ణమీనన్ గారితో కలసి "క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్" అను గ్రంథమును రచించిరి. 1938లో వెలువడిన ఆ గ్రంథము పలు ముద్రణలు పొంది, తరతరముల వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథ మయ్యెను.

ఆసుపత్రి నుండి పల్లెకు

నగరమున ఎంత గొప్ప ఆసుపత్రి యున్నను, దూరపు పల్లెలో నొప్పులు పడుచున్న స్త్రీకి అది అందదు. అందుచేతనే భోర్ సంఘము తొలిదశలో ప్రతి 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, అందు ఇద్దరు వైద్యులతోపాటు నలుగురు మిడ్‌వైఫులును, నలుగురు శిక్షణ పొందిన మంత్రసానులును ఉండవలెనని సూచించెను. 1959లో ప్రభుత్వము నియమించిన ఆరోగ్య సర్వే, ప్రణాళికా సంఘమునకు లక్ష్మణస్వామి గారే అధ్యక్షులు. కేంద్రముల సంఖ్యను పెంచుటకంటె ఉన్నవానిని ముందుగా పటిష్ఠము చేయుట మేలనియు, కష్టమైన కేసులను పంపుటకు జిల్లా ఆసుపత్రులలో నిపుణుల నుంచవలెననియు ఆ సంఘము పేర్కొనెను.

1942 మొదలు 1969 వరకు 27 సంవత్సరములు వీరు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1961లో న్యూఢిల్లీలో జరిగిన 14వ ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షత వహించిరి. 1963లో పద్మవిభూషణ బిరుదము నందుకొనిరి. 1974లో పరమపదించిరి.

గ్రహింపదగిన నీతి

వేయికి 20 అనగా లక్షకు 2,000. భారతదేశమున 2018-20 సంవత్సరముల లెక్కల ప్రకారము లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 97. ఈ వ్యత్యాసము శిక్షణ, పరిశుభ్రత, రక్తనిధులు, ఔషధములు, ఆసుపత్రి ప్రసవములు కలసి సాధించిన ఫలము. అయినను మిగిలిన మరణములలో ప్రతియొకటియు ఒక యింటికి తీరని లోటే. గర్భిణి పేరు మొదటి మూడు నెలలలోనే ఆరోగ్య కేంద్రమున నమోదు చేయింపవలెను. రక్తమును, రక్తపు పోటును తప్పక పరీక్ష చేయింపవలెను. తలనొప్పి, చూపు మసకబారుట, కాళ్లు, ముఖము వాచుట, రక్తము కనబడుట మొదలగు చిహ్నములు తోచినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆలస్యమే తల్లికి ప్రథమ శత్రువు.